పియానో, జాజ్, తిరుపతి: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్లకు పైగా పియానో వాయించుకుంటా బతుకుతా ఉన్నా. నేర్చుకున్నది వెస్టర్న్ క్లాసికల్, వాయించేది ఎక్కువగా జాజ్, ఉండేది తిరుపతిలో. ఈ మూడూ ఒక మనిషికి ఎట్ల కుదిరినాయి అని అడగనోళ్లు లేరు. పెళ్లిళ్లలో చుట్టాలు, క్లాసుకి పిలకాయల్ని తీసుకొచ్చే అమ్మానాన్నలు, చెన్నైలో నా పక్కన వాయించే కుర్రోళ్లు, అందరూ అడిగేవి దాదాపు అవే కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడతా ఉన్నా. కొన్ని జవాబులు పొడుగ్గా వచ్చినాయి, అవి నాకు ప్రాణం.

అసలు జాజ్ అంటే ఏంది మేడమ్? పాత సినిమాల్లో క్లబ్బు పాటలకి వస్తుందే, అదేనా?

దాని వాసన అక్కడ కొంచెం తగులుతుంది గానీ అసలు సరుకు వేరు. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ అనే ఊర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, నల్లజాతి వాళ్ల దగ్గర పుట్టిన సంగీతం ఇది. వాళ్ల బ్లూస్ పాటలు, చర్చి పాటలు, ఊరేగింపు బ్యాండ్లు, రాగ్‌టైమ్ అనే పాత పియానో బాణీ అన్నీ అందులో కలిసినాయి. ఒక పాట ఉంటుంది, పాట కింద కార్డ్స్ వరస ఉంటుంది, కార్డ్ అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడం. ముందు పాట వాయిస్తారు, తర్వాత ఆ కార్డ్స్ వరసే మళ్లీ మళ్లీ తిరుగుతా ఉంటే దానిమీద ఒక్కొక్కరు అప్పటికప్పుడు కొత్తగా కట్టుకుంటా పోతారు, ఆఖర్లో మళ్లీ అందరూ పాట అందుకుంటారు. పల్లవి పాడి, కల్పనస్వరాలు వేసి, మళ్లీ పల్లవి అందుకోవడం మన ఊర్లో చూడని వాళ్లెవరు, కాబట్టి మీకిది అంత కొత్తేం కాదు.

తిరుపతిలో పియానో ఎవరు నేర్పించినారు మీకు?

తిరుపతిలో కాదు, రేణిగుంటలో. రైల్వేలో పనిచేసి చనిపోయిన ఒకాయన భార్య, ఆంగ్లో ఇండియన్, ఇంట్లో పాత అప్‌రైట్ పియానో ఉండేది, మేమంతా మిస్ అనే పిలిచేవాళ్లం. మా నాయన స్టేషన్లో పార్సిల్ ఆఫీసులో క్లర్కు, ఆమె కిటికీ కింద సైకిల్ ఆపి వినేవాడంట రోజూ. నన్ను తొమ్మిదేళ్లప్పుడు తీసుకుపోయి కూర్చోబెట్టినాడు. మొదటి ఆరు నెలలు హానన్, చెర్నీ అనే వేళ్ల కసరత్తు పుస్తకాలు తప్ప ఇంకోటి లేదు, వేళ్లు వంచి గుడ్డు పట్టుకున్నట్టు పెట్టాలి, మణికట్టు మీద రూపాయి బిళ్ళ పెట్టేది, బిళ్ళ పడితే మళ్లీ మొదట్నుంచి. తర్వాత బాఖ్ అనే జర్మన్ కంపోజర్ రాసిన ఇన్వెన్షన్లు. ఎడమ చెయ్యి కుడి చెయ్యి వేరే వేరే మనుషుల్లాగా మాట్లాడుకోవాల అనేది. అప్పుడు అర్థం కాలేదు గానీ ఈరోజుకీ నా ఎడమ చేతిలో ఏమైనా బలం ఉందంటే అది ఆ మాటదే.

గ్రేడ్ పరీక్షలకి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసుకి పోయేదాన్ని, నాయనతో. పుత్తూరు దాటినాక ఒళ్లో అట్ట పెట్టుకుని దానిమీద గీసుకున్న కీల మీద వేళ్లు ఆడిస్తా ఉంటే పక్క సీటు వాళ్లు ఏందమ్మా అది అని అడిగేవాళ్లు.

మరి జాజ్ ఎక్కడ తగులుకుంది?

అదే ఇంట్లో, అదే మిస్ దగ్గర, రేడియోలో. వాయిస్ ఆఫ్ అమెరికా అనే అమెరికా రేడియోలో విల్లిస్ కోనోవర్ అనే ఆయన 1955 నుంచి 1996 వరకు జాజ్ ప్రోగ్రామ్ చేసినాడు, మెల్లగా, ఒక్కో మాట విడదీసి, అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషులో చెప్పేవాడు. షార్ట్ వేవ్ కదా, పాట అల లాగా దగ్గరికొచ్చి దూరం పోయేది, మధ్యలో గరగర. నాకు పన్నెండేళ్లనుకుంటా, క్లాసు అయిపోయి చెప్పులేసుకుంటా ఉంటే ఆస్కార్ పీటర్సన్ అనే జాజ్ పియానిస్ట్ వాయిస్తా ఉన్నాడు. చెప్పు ఒక కాలికి వేసుకుని గడప దగ్గర అట్లే నిలబడిపోయినా. నేను రోజూ కిందామీదా పడే స్కేళ్లే అవి, కానీ అవి నవ్వుతా ఉన్నాయి. ఆయన కూడా రైల్వే పోర్టర్ కొడుకే అని చానా ఏళ్ల తర్వాత చదివినప్పుడు ముందు మా నాయనకే ఫోన్ చేసి చెప్పినా.

క్లాసికల్ నేర్చుకుంటే చేతులు బిగుసుకుపోతాయి, ఇంక జాజ్ రాదు అంటారు, నిజమా?

ఈ మాట నేను కనీసం వంద మంది నోట విని ఉంటా. ఒప్పుకోను. జాజ్ పియానోలో గొప్పోళ్ల పేర్లు తీసి చూడండి.

హెర్బీ హాన్‌కాక్ పదకొండేళ్లకి, 1952లో, చికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి మోజార్ట్ పియానో కాన్చెర్టో వాయించినాడు. ఆస్కార్ పీటర్సన్‌కి మాంట్రియల్‌లో నేర్పించిన పాల్ డి మార్కీ అనే ఆయన ఉన్నాడు, ఆ మార్కీకి నేర్పించిన గురువు స్వయానా ఫ్రాంజ్ లిస్ట్ అనే పాతకాలం గొప్ప పియానిస్ట్ శిష్యుడు, అంటే పీటర్సన్ గురుపరంపర లెక్కేస్తే లిస్ట్ దగ్గర్నుంచి దిగినోడు. బిల్ ఎవాన్స్ కాలేజీలో పియానో చదివినాడు, డెబుస్సీ, రవెల్ అనే ఫ్రెంచ్ కంపోజర్లు ఆయన చేతుల్లోకి దిగిపోయినారు కాబట్టే 1959లో ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ఆల్బమ్‌లో ఆ కార్డ్స్ అంత పల్చగా, పొగమంచు లాగా పడినాయి. వీళ్లెవరికీ క్లాసికల్ అడ్డం రాలేదే.

నీనా సిమోన్ అనే అమెరికా గాయని సంగతి వేరు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఆమె క్లాసికల్ పియానిస్ట్ అవుదామనే పెరిగింది, ఊరోళ్లు చందాలేసి చదివించినారు, 1951లో ఫిలడెల్ఫియాలో కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంగీత కాలేజీ సీటు ఇవ్వలేదు, తను నల్లపిల్ల కాబట్టే ఇవ్వలేదని ఆమె చివరిదాకా నమ్మింది. కడుపు కోసం అట్లాంటిక్ సిటీలో ఒక బార్‌లో చేరితే అక్కడ పాడితేనే ఉద్యోగం అన్నారు, అట్ల పాడడం మొదలుపెట్టింది. ఆమె పాటల మధ్యలో పియానో వినండి, బాఖ్ కౌంటర్‌పాయింట్, అంటే రెండు వరసలు ఒకేసారి అల్లుకుంటా పోవడం, నడుస్తా ఉంటుంది. 2003లో ఆమె చనిపోవడానికి రెండు రోజుల ముందు ఆ కర్టిస్ వాళ్లే గౌరవ డిగ్రీ ప్రకటించినారు.

రెండో పక్క కూడా చెప్పాలి కదా. డేవ్ బ్రూబెక్ అనే జాజ్ పియానిస్ట్‌కి సంగీతం కాగితం మీద చూసి చదవడం సరిగ్గా రాదని కాలేజీలో ఆఖర్న తెలిసింది, డిగ్రీ ఇవ్వం అన్నారు, చివరికి ఎప్పుడూ టీచర్‌గా పని చెయ్యనని మాట తీసుకుని ఇచ్చినారు. ఆ మనిషే తర్వాత దారియుస్ మియో అనే ఫ్రెంచ్ కంపోజర్ దగ్గర పాటలు కట్టడం నేర్చుకున్నాడు. అంటే చదవడం రానోడు కూడా పైకి వస్తాడు, నేను కాదనను, కానీ వచ్చినాక ఆయనా చదువు కోసం వెతుక్కుంటా పోయినాడు చూడండి.

అడ్డం రానప్పుడు క్లాసికల్ వాళ్లకి కష్టం ఎక్కడ వస్తుంది మరి?

చెవి దగ్గర.

నా సంగతే చెప్తా. ఇరవై రెండేళ్లకి గ్రేడ్ ఎయిట్, అంటే గ్రేడ్ పరీక్షల్లో ఆఖరిది, చేతిలో పెట్టుకుని చెన్నైలో ఒక బ్యాండు రిహార్సల్‌కి పోయినా. డ్రమ్స్, బేస్, సాక్సోఫోన్. ఒక కాగితం ఇచ్చినారు, అందులో పాట ఒక్క లైను, పైన కార్డ్ పేర్లు, అంతే. ఎడమ చేతికి ఏం వాయించాలో రాసిలేదు. నేను ప్రతి బీట్‌కీ నిండుగా కార్డ్ కొడతా పోయినా, రెండు చేతుల్తో, పెడల్ తొక్కి. సాక్సోఫోన్ ఆయన సోలో మధ్యలో ఆపేసి, కోపంగా కాదు, నిదానంగా అన్నాడు, అమ్మా నువ్వు నన్ను వినడం లేదు, నాకు చోటు ఇవ్వు అని. ఆరోజు బస్సులో తిరుపతి వచ్చేదాకా ఏడుస్తానే ఉన్నా.

ఇంటికొచ్చినాక నాకు దారి చూపించింది మా మేనమామ. ఆయన నాటకాల్లో హార్మోనిస్టు. మా పక్క పల్లెల్లో ఎండాకాలం ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెడతారు, పగలు హరికథ, రాత్రి నాటకం, ఆఖరి రోజు దుర్యోధన వధ. మామ ఆ నాటకాలకి వాయించేవాడు, పద్యనాటకాలకీ పోయేవాడు. నేను ఏడ్చుకుంటా చెప్తే అంతా విని, కృష్ణుడు పద్యం ఎత్తుకున్నప్పుడు నేనేం చేస్తానో ఎప్పుడైనా చూసినావా అని అడిగినాడు. లేదు మామా, పాట వింటా ఉంటా అన్నా. సరే రా అని తీసుకుపోయినాడు.

ఆ రాత్రి స్టేజీ పక్కన కూర్చుని ఆయన చేతుల్నే చూసినా. నటుడు పద్యం పాడుతుంటే మామ దాదాపు ఏమీ వాయించడు, శ్రుతి సన్నగా పట్టుకుని ఉంటాడు. పాదం చివర్లో నటుడు ఊపిరి పీల్చుకునే చోటు వస్తుంది చూడండి, సరిగ్గా ఆ సందులో రెండు మూడు స్వరాలు జారవిడుస్తాడు, నటుడు ఎత్తుకోబోయే స్వరం దగ్గరికి తెచ్చి వదుల్తాడు. ఆఖరి పాదం నటుడు రాగం తీసి సాగదీస్తే ఆయన గొంతు వెనకే నీడలాగా పోతాడు, ఆయన ఎక్కడికి పోతాడో ముందే తెలిసినట్టు. జనం వన్స్ మోర్ అని అరిస్తే మళ్లీ అదే పద్యం, కానీ ఈసారి నటుడు వేరేగా పాడతాడు, మామ కూడా వేరేగా.

జాజ్‌లో దీన్నే కాంపింగ్ అంటారు. సోలో వాయించేవాడి వెనక పియానో చేసే పని. పుస్తకాల్లో దీనికి చాప్టర్లు చాప్టర్లు ఉన్నాయి, నాకు మాత్రం ఒక్క రాత్రిలో, పెట్రోమాక్స్ వెలుగులో, ఎప్పుడూ జాజ్ అనే మాట వినని మనిషి నేర్పించినాడు.

మా పాపకి కర్ణాటక సంగీతం వచ్చు, ఏమైనా పనికొస్తుందా?

ఏమైనా కాదు, చానా పనికొస్తుంది. వెస్టర్న్‌లో స్వరాలకి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి అని పేర్లు. జాజ్‌లో రోజూ ఎదురయ్యే కార్డ్స్ వరస ఒకటి ఉంది, డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. సి ని షడ్జమం అనుకుంటే మొత్తం శంకరాభరణం స్వరాలే. అవే స్వరాలు డి మీద నిలబడి చూస్తే ఖరహరప్రియ, జి మీద నిలబడి చూస్తే హరికాంభోజి. మనోళ్లు దీన్ని గ్రహభేదం అంటారు, వాళ్లు మోడ్స్ అంటారు. గ్రహభేదం తెలిసిన పిల్లకి ఇది పది నిమిషాల్లో అర్థమైపోతుంది, గ్రేడ్ సిక్స్ పిల్లోడికి ఇదే చెప్పడానికి నాకు రెండు వారాలు పడుతుంది.

ఇంకోటి చూడండి, పియానో దగ్గర ఉంటే వాయించి చూడండి. ఎడమ చేత్తో ఎఫ్, పైన సి, ఇది డి మైనర్ సెవెన్‌కి ప్రాణం లాంటి రెండు స్వరాలు. ఇప్పుడు ఎఫ్ కదిలించకుండా సి ని మాత్రం పక్కనున్న బి కి దించండి, జి సెవెన్ అయిపోయింది. ఇప్పుడు బి ని అట్లే ఉంచి ఎఫ్ ని ఇ కి దించండి, సి మేజర్ సెవెన్. ప్రతిసారీ ఒక్క వేలు, ఒక్క మెట్టు. అంతే, చెయ్యి ఎక్కడికీ ఎగరక్కర్లేదు. బాఖ్ ఇన్వెన్షన్లు వాయించినోళ్లకి ఇది వేళ్లలోనే ఉంటుంది, పేరు తెలియదు అంతే.

తేడా ఏంటంటే మనకి రాగం మారదు, కిందున్న శ్రుతి కదలదు. జాజ్‌లో నేల కదుల్తా ఉంటుంది, రెండు బీట్లకోసారి కార్డ్ మారిపోవచ్చు. ఇంకా గమకం. పియానోలో స్వరం ఊగదు, అందుకే బ్లూస్ వాయించేటప్పుడు ఇ ఫ్లాట్ (ఇ కి ఒక్క మెట్టు కింద ఉన్న కీ), ఇ రెండూ కలిపి నలిపినట్టు కొడతాం, ఆ రెంటి మధ్యలో ఉన్న స్వరం వినేవాళ్లకి తోస్తుందని. మన పాప ఆ రెండు కీలూ నొక్కి, అయ్యో ఇక్కడ గమకం లేదే అని బాధపడిందంటే సరైన చెవి ఉన్నట్టే.

స్వింగ్ అంటే ఏంటి, ఎందుకు దానిమీద అంత గొడవ?

రెండు సమానమైన స్వరాల్ని మొదటిది కొంచెం పొడుగు, రెండోది పొట్టి చేసి వాయించడం. మూడుగా విడగొట్టి రెండు భాగాలు మొదటిదానికి, ఒకటి రెండోదానికి అని నేర్పిస్తారు, మనం తిశ్రం అన్నట్టు. మొదలుపెట్టడానికి బాగుంటుంది, కానీ స్పీడు పెరిగేకొద్దీ అవి సమానం వైపు జరుగుతాయి, ఆ జరగడం కాగితం మీద రాయలేం, విని పట్టుకోవాల్సిందే.

మన పిలకాయలకి నేను ఇచ్చే మొదటి పని మెట్రొనోమ్ (లయకి టక్ టక్ మనే పరికరం) శబ్దం రెండో బీట్‌కీ నాలుగో బీట్‌కీ మాత్రమే వచ్చేట్టు పెట్టుకుని చప్పట్లు కొట్టడం. భజనల్లో పెరిగినాం కదా, చెయ్యి ఒకటి మీదికే పోతుంది. వారం కష్టపడితే మారుతుంది.

గ్రేడ్ పరీక్షలు రాయించాలా వద్దా?

రాయించండి, కానీ అదే చదువు అనుకోవద్దు. ఈ పరీక్షలు పెట్టే లండన్ సంస్థలు రెండు, ట్రినిటీ అయినా ఏబీఆర్‌ఎస్ఎమ్ అయినా ఎనిమిది గ్రేడ్లు, ఆపైన డిప్లొమాలు. ఏబీఆర్‌ఎస్ఎమ్‌లో ఆరో గ్రేడ్ ప్రాక్టికల్‌కి పోవాలంటే ముందు ఐదో గ్రేడ్ థియరీ పాసవ్వాల లేదంటే దానికి సమానమైనది ఏదైనా ఉండాల, ఇది తెలియక చానామంది అక్కడ ఆగిపోతారు. వాళ్లకే జాజ్ పియానో పరీక్షలు కూడా ఉన్నాయి, ఐదో గ్రేడ్ దాకా, అందులో అప్పటికప్పుడు సోలో కట్టి వాయించాలి, అది నాకు ఇష్టం.

నాకు నచ్చనిది ఒకటే, ఏడాదంతా మూడు పాటలే రుద్ది రుద్ది సర్టిఫికెట్ తెచ్చుకోవడం. అట్ల వచ్చిన పిల్లోడిని హ్యాపీ బర్త్‌డే వాయించు నాయనా అంటే కాగితం ఏది అంటాడు, వాడి తప్పు కాదు అది, మనది.

ఏ పియానో కొనాలి?

88 కీలు, వెయిటెడ్ (అసలు పియానో లాగా నొక్కితే బరువుగా ఉండేవి), పెడల్ పెట్టుకునే వీలు. ఈ మూడూ ఉన్న డిజిటల్ పియానో కొత్తది దాదాపు నలభై యాభై వేల దగ్గర మొదలవుతుంది. అరవై ఒక్క కీల కీబోర్డు మీద సంవత్సరం లాగొచ్చు, ఆపైన వేళ్లు చెడిపోతాయి. అకౌస్టిక్ పియానో మీద ఆశ ఉంటే నాకూ సంతోషమే, కానీ లోపల దాదాపు 230 తీగెలు ఉంటాయి, చెక్క గాలిలో తేమని బట్టి ఉబ్బుతా ఎండుతా ఉంటుంది, మన మే నెల ఎండకీ నవంబరు ముసురుకీ శ్రుతి దిగిపోతుంది. ట్యూనర్ని చెన్నై నుంచి పిలిపించాల, ఏడాదికి రెండుసార్లు. గోడకి ఆనించి, ఎండ పడే కిటికీ పక్కన మాత్రం పెట్టొద్దండి దయచేసి.

రోజుకి ఎన్ని గంటలు ప్రాక్టీసు?

పిలకాయలకి అరగంట, కానీ రోజూ. నాకు మూడు గంటలు, అందులో ఒక గంట అసలు పియానో ముట్టుకోను, వింటా, విన్నది గొంతుతో పాడతా, తర్వాత వేళ్లతో వెతుకుతా. ఒక్క సోలోలో ఎనిమిది బార్లు, అంటే మన ఆవర్తనాల్లాంటివి, పట్టుకోవడానికి వారం పట్టిన రోజులు ఉన్నాయి. పొద్దున మాత్రం ఇప్పటికీ బాఖ్‌తోనే మొదలు.

దీంట్లో డబ్బులు వస్తాయా? నిజం చెప్పండి అక్కా.

నిజమే చెప్తా. ఒక్క పని నమ్ముకుంటే రావు, నాలుగైదు కలిస్తే వస్తాయి. నేను చేసినవి ఇవి: చెన్నైలో హోటల్ లాబీలో సాయంత్రాలు, ఆరేళ్లు. క్రూయిజ్ షిప్పులో ఒక కాంట్రాక్టు, ఐదు నెలలు. రికార్డింగులకి పియానో. చర్చి పెళ్లిళ్లు, రిసెప్షన్లు. ఇప్పుడు సోమవారం నుంచి గురువారం దాకా తిరుపతిలో క్లాసులు, వారాంతంలో చెన్నై కానీ బెంగళూరు కానీ పోయి వాయించి రావడం. ఇంటి ఖర్చు నడిపేది క్లాసులే, మిగతావి పైన.

క్లాసికల్ చదువు రూపాయల్లో కనిపించింది ఎక్కడంటే షిప్పులో. మధ్యాహ్నం మ్యూజిక్ కాగితాలు చేతిలో పెడతారు, రాత్రికి షో, గాయకులు ఎవరో తెలియదు, చూసి చదివి వాయించెయ్యాలి. చదవడం రాని మంచి మంచి వాయిద్యగాళ్లు ఆ ఉద్యోగానికి పనికిరాకుండా పోయినారు, నేను మా మిస్‌కి మనసులో దండం పెట్టుకున్నా.

మోసపోయిన రోజులూ ఉన్నాయి. 2003లో ఒక రిసెప్షన్‌కి 1500 మాట్లాడుకుని పోయి నాలుగు గంటలు వాయిస్తే, 500 చేతిలో పెట్టి భోజనం చేసి పోమ్మా అన్నారు. అప్పట్నుంచి సగం అడ్వాన్సు లేకుండా ఇల్లు కదలను, ఎన్ని గంటలు, మధ్యలో విరామం ఎంత, రానుపోను ఛార్జీలు ఎవరివి, అన్నీ ముందే రాయించుకుంటా, ఇప్పుడైతే వాట్సాప్‌లో. మొహమాటపడొద్దు. సంగీతం దైవం అంటారు, నేనూ అంటా, కానీ బస్సు టికెట్టుకి డబ్బులు కావాల.

బీటెక్ మాన్పించి ఇందులో పెట్టొచ్చా అని అడుగుతారు. వద్దు, చదువు పూర్తి చెయ్యనివ్వండి, నేనూ బీకాం చేసినా. కానీ చదువైపోయినాక రెండేళ్లు ఇస్తాం, నీ ఇష్టమొచ్చింది చెయ్యి అని ముందే చెప్పండి, ఆ మాట పిల్లల్ని ఎంత నిలబెడుతుందో నాకు తెలుసు, మా నాయన నాకు చెప్పినాడు.

ఆడపిల్ల హోటళ్లలో వాయించడం...?

ఈ ప్రశ్న ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది కాబట్టి నేనూ అట్లే రాసినా. మా అమ్మ మొదటి ఏడాది చుట్టాలకి టీచరు ఉద్యోగం అని చెప్పుకునేది. ఒకరోజు చెప్పకుండా వచ్చి లాబీలో మూల సోఫాలో కూర్చుని రెండు గంటలు విని, బయటికొచ్చినాక అందరూ కాఫీ తాగుతా మాట్లాడుకుంటా ఉన్నారే, నువ్వు అంత బాగా వాయిస్తా ఉంటే వినరేమే అని వాళ్ల మీద కోపం తెచ్చుకుంది. ఆ తర్వాత ఎవరికీ అబద్ధం చెప్పలేదు. జాగ్రత్తలు అంటారా, రాత్రి వెళ్లి రావడానికి హోటల్ వాళ్లే బండి పెట్టాలని ముందే అడగండి, కుదరదంటే ఆ పని వదులుకోండి.

పియానో బాగాలేని చోట ఏం చేస్తారు?

ఉన్నదాన్ని బట్టి వాయిస్తా. ఒక చోట పైనున్న ఆరేడు కీలు నొక్కితే పైకి లేచేవి కావు, ఆ సాయంత్రం అంతా మధ్య రెండు సప్తకాల్లోనే గడిపినా, చిత్రంగా ఆరోజు వాయించింది నాకు ఇప్పటికీ నచ్చుతుంది. కీత్ జారెట్ అనే అమెరికా పియానిస్ట్ 1975 జనవరి 24న జర్మనీలో కొలోన్ ఒపెరా హౌస్‌లో ఎదుర్కొన్నది ఇట్లాంటిదే. అడిగిన పెద్ద పియానో రాలేదు, చిన్నది, రిహార్సల్‌కి వాడేది పెట్టినారు, పై స్వరాలు రేకులాగా మోగేవి, కింద బలం లేదు, పెడల్ సరిగ్గా పనిచెయ్యదు. ఆయన మధ్యలోనే ఉండి ఎడమ చేత్తో ఒకే వరస తిప్పి తిప్పి కట్టుకుంటా పోయినాడు, ముందుగా అనుకున్నది ఏదీ లేకుండా. ఆ రికార్డు ప్రపంచంలో ఎక్కువ అమ్ముడుపోయిన సోలో పియానో రికార్డుల్లో ఒకటి.

మన దేశంలో జాజ్ ఎప్పట్నుంచి ఉంది?

1930ల నుంచి గట్టిగానే ఉంది, బొంబాయి తాజ్ హోటల్లో, కలకత్తా గ్రాండ్ హోటల్లో. టెడ్డీ వెదర్‌ఫోర్డ్ అనే అమెరికా నల్లజాతి పియానిస్ట్ కలకత్తాలోనే వాయిస్తా స్థిరపడి 1945లో కలరా వచ్చి అక్కడే చనిపోయినాడు. గోవా వాళ్లు చర్చి స్కూళ్లలో నోట్స్ నేర్చుకుని ఈ బ్యాండ్లలో చేరి, అక్కడ్నుంచి హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లోకి పోయినారు. 1958లో బ్రూబెక్, 1963లో పేరున్న జాజ్ బ్యాండు నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ ఇండియాకి వచ్చినారు. డార్జిలింగ్‌లో పుట్టిన జాజ్ పియానిస్ట్ లూయిస్ బ్యాంక్స్ గారిని వినకపోతే వినండి, మనోళ్లతో కలిసి మన లయల మీద ఆయన చేసిన పని చానా ఉంది.

మన చిత్తూరు జిల్లాకి పియానోకి ఏం సంబంధం అని మా మామగారు అడిగారు

మామగారికి మదనపల్లె గుర్తు చెయ్యండి. 1919 ఫిబ్రవరిలో ఠాగూరు అక్కడ థియోసాఫికల్ కాలేజీలో దిగినాడు. జనగణమన పాడి వినిపించినాడు, అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి రాసుకున్నాడు. ఆ వరసకి వెస్టర్న్ నొటేషన్ రాసింది ప్రిన్సిపాల్ గారి భార్య మార్గరెట్ కజిన్స్, ఐర్లాండ్‌లో సంగీతం డిగ్రీ చదివిన మనిషి. ఈమధ్య జిల్లాలు విడగొట్టినారు గానీ అప్పటికి మదనపల్లె చిత్తూరు జిల్లానే. ఒక మనిషి గొంతులో పుట్టిన వరసని చెవితో పట్టుకుని కాగితం మీద పెట్టడం, క్లాసికల్ చదువు చెయ్యగలిగిన గొప్ప పని అదే కదా, అది మన పక్కనే జరిగింది.

తిరుపతిలో ఎవరైనా వింటారా ఇది?

వింటారు, పైగా మంచి చెవులతో వింటారు. పొద్దున లేస్తే అన్నమయ్య కీర్తన వినపడే ఊరు, మహతి ఆడిటోరియంలో ఏడాది పొడుగునా కచేరీలు జరిగే ఊరు. ఒకసారి చిన్న హాల్లో, నలభై మంది ఉంటారేమో, నేను, బేస్, డ్రమ్స్ వాయించినాం. మొదటి వరసలో ఒక పెద్దాయన తొడ మీద తాళం వేస్తానే ఉన్నాడు. అయిపోయినాక దగ్గరికొచ్చి, నేను నాదస్వరం వాయిస్తానమ్మా అని చెప్పి, మూడో పాటలో నువ్వు ముందే ఎత్తుకుని సమానికి, తాళం మొదలయ్యే చోటుకి, వచ్చి పడినావే, ఎన్ని అక్షరాలు ముందు ఎత్తుకున్నావు, నాకు ఒకటి తేడా వస్తా ఉంది అన్నాడు. ఇద్దరం కూర్చుని వేళ్ల మీద లెక్కేసినాం. ఆయన లెక్కే కరెక్టు. చెన్నైలో ఇన్నేళ్లు వాయిస్తే ఎవరూ అడగలేదు అది.

చేతులు నొప్పి పెడితే?

ఆపండి. ఓర్చుకుని వాయించడం గొప్ప కాదు, రెండు రోజులు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి. సగం నొప్పులు కుర్చీ ఎత్తు సరిచేస్తే పోతాయి, మోచెయ్యి కీల మట్టానికి ఉండాలి. పీటర్సన్‌కి 1993లో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి బలహీనపడింది, కొన్నాళ్లకి తిరిగొచ్చి ఎక్కువ భారం కుడి చేతి మీద వేసుకుని చానా ఏళ్లు వాయించినాడు.

నలభై ఏళ్లకి మొదలుపెట్టొచ్చా?

నా క్లాసులో బ్యాంకులో రిటైరైన ఆయన ఒకరున్నారు, రండి.

మొదటి రోజు క్లాసుకి ఏం తెచ్చుకోవాలి?

గోళ్లు కత్తిరించుకుని రండి, పెన్సిల్ తెచ్చుకోండి, పెన్ను వద్దు. పుస్తకం కొనొద్దు ఇప్పుడే. ఒక పాట మాత్రం మొదట్నుంచి చివరిదాకా నోటికి వచ్చి ఉండాలి, ఏదైనా సరే, సినిమా పాట, కీర్తన, చర్చి పాట, జోలపాట. మొదటి రోజు పియానో ముట్టుకోనివ్వను, అది పాడిస్తా. సిగ్గుపడే పిలకాయలు గోడ వైపు తిరిగి పాడొచ్చు. క్లాసులో కిటికీ పక్కన మా మామ హార్మోనియం ఉంటుంది, ఆయన పోయినాక అత్త నాకు ఇచ్చింది, ఎడమ పక్క రెండు కీల మీద దంతం ఊడిపోయింది గానీ శ్రుతి ఇంకా నిలబడి ఉంది. దానిమీద శ్రుతి పెట్టి, మీరు ఊపిరి తీసుకునే దాకా ఆగుతా.